మడవని ఆకు

మా వాళ్ళలో మగవాణ్ణి మెచ్చుకోవడానికి ఒక్కటే కొలత. ఎంత తిన్నాడు? చదువూ, సంపాదనా, బుద్ధీ అన్నీ దాని తర్వాతే. కోయంబత్తూరు చుట్టుపక్కల నల్లరేగడిలో తరతరాలుగా పత్తీ జొన్నా పండించుకుంటూ, వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటూ వచ్చిన కుటుంబాలు మావి. మా పెద్దలు ఇటు వలస వచ్చేటప్పుడు ఏమేం మూటగట్టుకున్నారో తెలియదు కానీ, ఇప్పటికీ చెక్కుచెదరకుండా మిగిలినవి రెండే. పాతకాలపు మాటలు కొన్ని, తిండి గొప్పలు బోలెడు. తెలుగు అక్షరాలు మాలో చాలామందికి రావు. నేను పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకుంటే, "అది నేర్చుకునేస్తే సోరు పెడతాదా?" అని నవ్వారు. సోరు అంటే అన్నం. వాళ్ళకు ప్రపంచంలో ప్రతి ప్రశ్నా చివరికి సోరు దగ్గరే ఆగుతుంది.

ఆ కొలతలో నేను చాలాకాలం వంశానికే మకుటాన్ని. తూకం యంత్రం మీద నిలబడితే ముల్లు చివరిదాకా పోయి అక్కడ ఆగిపోయేది. ఏ పెళ్ళికైనా నన్ను ముందుగా పిలిచేవాళ్ళు, నా మీద ప్రేమతో కాదు, నేను తింటుంటే చూడటానికి. బొబ్బట్లను మా వైపు ఒప్పుట్లు అంటారు. నేను తినే ఒప్పుట్లు లెక్కపెట్టడానికి పిల్లలు ఎదురుగా చేరేవాళ్ళు, పెద్దలు పందాలు వేసుకునేవాళ్ళు. "ఈయన కూర్చుంటే వంట మాస్టరుకే భయమప్పా" అని నా వీపు తట్టినవాళ్ళే, నేను అటు తిరగగానే "గోదాం" అనేవాళ్ళని నాకు తెలుసు. ఎదుట పొగడ్త, చాటున గోదాం. నాలుక మాత్రం ఒకటే.

మా బంతి భోజనాలకు ఒక చట్టం ఉంది. వరుసలో మొదటి ఆకు అందులో ఉన్న పెద్ద మగవాడిది. ఆడపిల్ల పెళ్ళి పనుల్లో అయితే ఆ పిల్ల మేనమామది. ఆయన ముద్ద నోట్లో పెట్టేదాకా ఎవరూ ఆకు మీద చెయ్యి పెట్టకూడదు. ఆయన ఆకు మడిచేదాకా ఎవరూ లేవకూడదు. ఫోను మోగినా, వాన కురిసినా, వాకిట్లో కలెక్టరు వచ్చి నిలబడినా, మొదటి ఆకు తెరిచి ఉన్నంతసేపు కూర్చోవలసిందే. ఇక ఆయన మడిచాడా, ఎవరూ మరో ముద్ద తినకూడదు. ఈ చివరి నియమం ఎవడు పెట్టాడో కానీ, వాడికి ఆ రోజు ఆకలి వేసి ఉండదు. ఇంజినీర్లు, బ్యాంకు మేనేజర్లు, సూలూరులో మగ్గాలు నడిపే ఆసాములు, ఒక్కడు కూడా దీన్ని మీరడు. ఇంట్లో తండ్రి మాట వినని వాడు ఇక్కడ ఒక అరిటాకు మాట వింటాడు.

మా పెదనాన్న పోయాక ఆ మొదటి ఆకు నాకు వచ్చింది. నాకంటే ఎక్కువ సంతోషపడింది మా అక్క.

అక్క గురించి చెప్పాలి. అమ్మ పోయేనాటికి నాకు ఊహ తెలియదు. అక్కకూ అప్పుడు పెద్ద వయసేమీ లేదు, లంగా ఓణీలో ఉండేది. నన్ను పెంచింది ఆమే. ముద్దు చేయడం, కథలు చెప్పడం ఆమెకు రాదు. ఏడిస్తే అన్నం పెట్టేది, నవ్వితే అన్నం పెట్టేది, జ్వరం వస్తే గంజి పెట్టేది, జ్వరం తగ్గితే కోడిని కోసేది. ఉడుమలైపేట దగ్గర కొబ్బరితోట ఉన్న ఇంటికి కోడలిగా వెళ్ళాక కూడా, మోటారు పంపుల పట్టరై, అంటే చిన్న వర్క్‌షాపు, పెట్టుకుని నేను కోయంబత్తూరులో స్థిరపడ్డాక కూడా, వారం వారం బస్సెక్కి క్యారియర్ తెచ్చేది. సంగటి, నాటుకోడి పులుసు, నెయ్యి, పెరుగు. నేను తింటుంటే ఎదురుగా నిలబడి చూసేది. "ఇంకొంచం తినరా. నా మీద ఒట్టు." ఆ ఒట్టు దాటే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. రావాలని కోరుకోనూ లేదు, ఎందుకంటే కూర అంత బాగుండేది.

తర్వాత మోకాళ్ళు పోయాయి. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే ఊపిరి ఆడేది కాదు. పడుకుంటే నా గురకలో నాకే మెలకువ వచ్చి, ఒక్కోసారి శ్వాస ఆగి లేచి కూర్చునేవాణ్ణి. సుగరు మాత్రలు పెరుగుతూ పోయాయి. డాక్టరు కాగితం మీద సంచిలాంటి కడుపు బొమ్మ గీసి, దానికి నిలువునా ఒక గీత గీసి, "ఇంత తీసేస్తాం, ఇంత ఉంచుతాం" అన్నాడు. ఉంచుతానన్నది అరటికాయంత కూడా లేదు. నేను సరే అన్నాను. జీవితంలో నా కడుపు గురించి నేను స్వయంగా తీసుకున్న మొదటి నిర్ణయం అదే.

మా వాళ్ళు ఊరుకుంటారా? తండోపతండాలుగా వచ్చారు. "లంఖణం పరమౌషధం అన్నారు కదా, నోరు కట్టుకుంటే చాలదా, కత్తి ఏల?" అన్నాడు ఒక పెద్దమనిషి. అంతకు ముందు నెల గృహప్రవేశంలో నేను వద్దు వద్దంటున్నా నా ఆకులో నెయ్యి గుమ్మరించిన చెయ్యి అదే. ఇంకొకడు యూట్యూబులో చూసిన వాము నీళ్ళ వైద్యం చెప్పాడు. వాడి పొట్ట వాడి కంటే ముందు గదిలోకి వచ్చింది. అందరికీ కాఫీలిచ్చి పంపాం. ఉచిత సలహా చెప్పడానికి వచ్చినవాడు ఎవడూ కారప్పూస పళ్ళెం ఖాళీ చేయకుండా లేవలేదు.

అక్క మాత్రం సలహా చెప్పలేదు. "మా ఇంట్లో నీకేమి తక్కువ చేసినామురా, వయిరు కోసుకునేదానికి?" అంది. వయిరంటే కడుపు. నాకు అప్పుడు కోపం వచ్చింది. తక్కువ చేయకపోవడం వల్లే కదా ఈ తంటా అని అనబోయి మింగేశాను.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ తర్వాతదే అసలు చదువు. ముందు నీళ్ళలాంటి సూపు, వడకట్టిన పప్పు కట్టు, మందుమూతతో కొలిచి గుటక గుటకగా తాగాలి. తర్వాత మెత్తగా చేసినవి. ఆ తర్వాత ఉడికిన గుడ్డు, అదీ సగం. నా భార్య బీరువాలోంచి మనవడి అన్నప్రాశన నాటి వెండిగిన్నె తీసి ఇచ్చింది. దాంతో పాటు ఉగ్గు చెంచా. యాభై దాటిన మనిషిని, జీవితంలో రెండోసారి అన్నప్రాశన చేయించుకున్నాను.

ఆసుపత్రిలో తిండి పాఠాలు చెప్పే అమ్మాయి ఒకతి ఉండేది. ఆమె బల్ల మీద ప్లాస్టిక్ ఇడ్లీ, ప్లాస్టిక్ గుడ్డు, ప్లాస్టిక్ చేప ముక్క ఉండేవి. ఆ ఇడ్లీని నాకు చూపించి "ఇది ఇడ్లీ" అని చెప్పింది. కోయంబత్తూరులో పుట్టినవాడికి ఇడ్లీ పరిచయం చేసిన మహాతల్లి. అయినా ఆమె చెప్పినవన్నీ బట్టీ పట్టాను. ముందు గుడ్డు, పప్పు. అన్నం చివర, అదీ కడుపులో చోటుంటే. తింటూ నీళ్ళు తాగకూడదు. ప్రతి ముద్దా నోట్లోనే పిండి అయ్యేదాకా నమలాలి. అన్నిటికంటే ముఖ్యం, కడుపు చాలని చెప్పే గుర్తు. కొందరికి ఎక్కిళ్ళు, కొందరికి తుమ్ము. నాకు ముక్కు కారుతుంది. "ముక్కు కారిందా, ఆ క్షణమే ఆపేయండి సార్. ఆలోచించకండి. గిన్నె పక్కకు నెట్టేయండి" అని ఆమె నా చేత మళ్ళీ మళ్ళీ చేయించింది. సర్కసులో ఏనుగుకు నేర్పినట్టు నేర్పింది, నేనూ అలాగే నేర్చుకున్నాను.

ఒళ్ళు తగ్గుతూ వచ్చింది. చొక్కాలు వేలాడాయి, చర్మం కూడా వేలాడింది. జుట్టు రాలింది. చైత్రంలో కూడా చలి వేసి స్వెట్టర్ వేసుకునేవాణ్ణి. మోకాళ్ళు మాత్రం తిరిగి వచ్చాయి, నిద్ర తిరిగి వచ్చింది, పట్టరై మెట్లు ఆగకుండా ఎక్కాను. అది చూసి సంతోషించినవాళ్ళను వెతుక్కోవాలి. లావుగా ఉన్నప్పుడు "కొంచం తగ్గరాదా" అన్నవాళ్ళే ఇప్పుడు "మునుపు ముఖాన ఒక కళ ఉండేది, పావం" అంటున్నారు. గొంతు తగ్గించి నా భార్యను "పెద్ద జబ్బేమైనానా? చెప్పు, మేమేమి అన్యులమా?" అని అడిగినవాళ్ళు ఎందరో. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నన్ను దెప్పారు. ఊరు పోతున్న దారి ఎక్కడికో నేను ఆసుపత్రి వరండాలో చూసి వచ్చినవాణ్ణి. ఉలిపికట్టెగా ఉండటమే మేలనుకున్నాను.

అక్క ఆ రోజుల్లో ఒకసారి మళ్ళీ క్యారియర్ తెచ్చింది. ఎప్పటిలాగే సంగటి, నాటుకోడి. నేను వెండిగిన్నె తీస్తే దాన్ని చూసి ముఖం తిప్పుకుంది. ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టంలేక చెంచా పక్కన పెట్టి, పాత పద్ధతిలో చేత్తో ముద్ద చేసి, సరిగా నమలకుండా మింగాను. ముక్క దిగలేదు. ఛాతీలో పెద్ద బండ పెట్టినట్టయింది. బాత్రూములోకి పరిగెత్తి, నురగ కక్కుతూ గోడ పట్టుకుని నిలబడ్డాను. ఇటు తిరిగితే తలుపు దగ్గర అక్క.

"నా చేతి సాప్పాడు నీకు విషమైపోయిందా?"

"అట్ల కాదక్కా. నమలలేదు, అందకే."

"పుట్టినప్పటినుంచి నా చేతిదే కదా తినినావు. అప్పుడు నమలేది తెలిసిందా నీకు?"

క్యారియర్ కడుక్కుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఆ తర్వాత క్యారియర్ రాలేదు. ఫోను చేస్తే "బాగుండావా" అని అడిగి బావకు ఇచ్చేసేది. ఏం తిన్నావని అడగడం మానేసింది. వేరే ఏదీ ఎప్పుడూ అడిగి ఉండకపోవడంతో, మా మధ్య మాటలే లేకుండా పోయాయి. అది నన్ను బాధపెట్టింది. ఒక కోడికూర ముక్క దిగకపోతే అన్నాళ్ళ పెంపకం తెగిపోతుందా అని మండిపడ్డాను కూడా.

ఇంతలో అక్క కూతురికి సంబంధం కుదిరింది. కారమడై వైపు వాళ్ళు, మంచి వ్యవసాయం, పిల్లవాడు నెమ్మదస్తుడు. నిశ్చితార్థం అక్క ఇంటి ముందు పందిట్లో. మేనమామను కాబట్టి మొదటి ఆకు నాది. నా పక్కనే పెళ్ళికొడుకు తండ్రి, ఆ పక్కన వాళ్ళ పెద్దలు. వడ్డన మొదలైంది. పప్పు వేశారు, ఒప్పుట్టు వేశారు, నెయ్యి పోశారు. నేను ముద్ద నోట్లో పెట్టాను, బంతి మొత్తం తినడం మొదలుపెట్టింది. నేను ముందు పప్పు, నిదానంగా, నమిలి నమిలి, అంతా పాఠం ప్రకారమే చేశాను.

ముక్కు కారింది.

ఆలోచించకండి అని కదా నేర్పింది. నేను ఆలోచించలేదు. నెట్టేయడానికి గిన్నె లేదు, ఆకు ఉంది. చెయ్యి దానంతట అదే పోయి ఆకు మడిచేసింది.

సాంబారు బకెట్టు వరుస మధ్యలోనే నిలిచిపోయింది. అన్నం ఇంకా చాలా ఆకుల మీద పడనే లేదు. నాకు విషయం అర్థమై "తినండి, తినండి" అనేలోపే ఒక్కొక్కరూ లేచారు. పెళ్ళికొడుకు తండ్రి చేతిలో సగం కొరికిన ఒప్పుట్టు ఉంది. దాన్ని తినలేడు, పారేయలేడు. నెయ్యి మోచేతి దాకా కారుతుండగా అలాగే చేయి కడుక్కునే తొట్టి వైపు నడిచాడు. అందరూ డిగ్రీలు చదివినవాళ్ళు, కార్లలో వచ్చినవాళ్ళు. ఆకలితో లేచారు కానీ, నువ్వు ఆకు మడిచినంత మాత్రాన మా కడుపు నిండలేదయ్యా అని చెప్పే మగవాడు ఆ వరుసలో ఒక్కడు లేడు.

అంతటితో పోలేదు. మా వాళ్ళలో మేనమామ ముందుగా ఆకు మడవడానికి ఒక అర్థం ఉంది. నా చిన్నతనంలో ఒక తాత ఇలాగే పప్పు దగ్గర ఆకు మడిచి, నోరు విప్పకుండా ఒక సంబంధం చెడగొట్టాడు. చీకటి పడేసరికి వాట్సాప్ గ్రూపుల్లో "మామకు ఈ సంబంధం పిడికలేదంట" అని పాకిపోయింది. ఇష్టం లేదని దాని అర్థం. కారమడై నుంచి కబురు వచ్చింది, మేనమామ మనసులో ఏముందో తేలాకే పెళ్ళి పత్రికలు అచ్చుకు ఇద్దామని.

నేనే ఫోను చేసి పెళ్ళికొడుకు తండ్రికి ఆపరేషను సంగతి, ముక్కు సంగతి అంతా వివరించాను. ఆయన అంతా విని, "అదంతా శరి అండీ. ఒడంబు మీది, మీ ఇష్టం. ఆనా మర్యాద అని ఒకటి ఉండాదే?" అన్నాడు. ఒడంబు అంటే ఒళ్ళు, ఆనా అంటే కానీ. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం వాడు నా బుగ్గలైనా చూసేవాడు.

దీనికి పరిష్కారం కూడా వెంటనే పుట్టింది. బావ తమ్ముడు ఒకడున్నాడు. ఏ పనీ చేయడు, అన్ని పనుల్లోనూ ఉంటాడు. నన్ను మచ్చాను, అంటే బావమరిది అని పిలుస్తాడు. "మచ్చానుకు ఒడంబు బాగలేదు, పావం. కల్యాణంలో మొదటి ఆకున నేను కూర్చుంటా. నాకేమీ కష్టం లేదు" అని త్యాగానికి సిద్ధపడ్డాడు. తిండి దగ్గర వాడికి ఎప్పుడూ కష్టం లేదు.

అక్క ఆ మాట చెప్పడానికి స్వయంగా వచ్చింది. చాలాకాలానికి మా ఇంటికి వచ్చింది, చేతిలో క్యారియర్ లేకుండా.

"కల్యాణం దినం ఒక్కటి తినేయిరా. తర్వాత నీ ఇష్టం."

"తింటే ఆడనే కక్కుతానక్కా, సమ్మంధి పక్కన."

"అట్లయితే కూర్చోవద్దు. నా మరిది కూర్చుంటాడు." ఆ మాట అన్నాక ఆమె కళ్ళు నిండాయి. "నిన్ను పక్కన పెట్టేదానికి నాకేమి ఆశనా? నా బిడ్డ కల్యాణం నిలిచిపోతే నేనేమి చేసేది? నువ్వే చెప్పు."

నాకు ఆ వెధవ ఆకు మీద గౌరవం ఏనాడూ లేదు. కానీ నా మేనకోడలి పెళ్ళిలో నా చోట వాడు కూర్చోవడం ఊహించుకుంటే ఒళ్ళు మండింది. అంతకంటే, నేను లేకుండా ఆ పెళ్ళి జరిగితే అక్క ఇక ఎప్పటికీ నా ఇంటికి రాదని భయం వేసింది.

"నేనే కూర్చుంటా. తినను. ఆనా వాళ్ళందరూ మోరు తాగేదాకా ఆకు మడవను. ముక్కు కారనీ, ఏమైనా కానీ."

"ఆకు ముందర సుమ్మా, ఊరికే కూర్చునేదానికి సిగ్గు లేదా నీకు?"

"తినేవాళ్ళకు లేని సిగ్గు నాకెందకు?"

ఆమె నమ్మలేదు. కానీ బావ తమ్ముణ్ణి కూర్చోబెట్టడం ఆమెకూ ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. కళ్ళు తుడుచుకుని, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మొదటి ఆకున నేనే కూర్చుంటానని కబురు పోయాక పత్రికలు అచ్చయ్యాయి. పెళ్ళి కారమడైలో, గుడికి దగ్గరి మండపంలో. మొదటి బంతికి నేను మొదటి ఆకు ముందు కూర్చున్నాను. వడ్డించేవాళ్ళకు చేయి అడ్డం పెట్టాను. వద్దంటే వడ్డించడమే మా దగ్గర మర్యాద కాబట్టి కుప్పలుగా పోశారు. నేను ఒక మెతుకు నోట్లో పెట్టి బంతి తెరిచాను. ఆ తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మనుషులు తింటుంటే, తినకుండా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూడటం నాకు అదే మొదటిసారి. పెళ్ళికొడుకు తండ్రి సాంబారన్నానికి గట్టు కట్టి, గట్టు తెగితే చేత్తో అడ్డం పెట్టి, కింది నుంచి జుర్రుకున్నాడు. ఒకాయన వడ నోట్లో ఉండగానే ఇంకో వడ కోసం చేయి చాపాడు, మాట రాక వేలు చూపించాడు. బావ తమ్ముడు పాయసం ఆకు మీద పోయించుకుని, అప్పళం నలిపి, అరటిపండు పిసికి, మోచేతి నుంచి పైకి నాలుకతో ఎత్తుకొచ్చాడు. మధ్య మధ్యలో అందరూ దొంగచూపులతో నా చేతి వైపు చూస్తున్నారు, మడుస్తానేమోనని. ఆ భయంలో ఇంకా వేగంగా తింటున్నారు. ఏం రుచి తెలుస్తుంది వాళ్ళకు? ఏం రుచి తెలిసిందో నాకు మాత్రం అన్నాళ్ళు?

రసం అయింది. మోరు, అంటే మజ్జిగ, అది కూడా అయింది. పెళ్ళికొడుకు తండ్రి త్రేన్చి, నా వైపు చూశాడు. నేను ఆకు మూలన ఉప్పును వేలితో సర్దుతున్నాను. ఆయన మళ్ళీ త్రేన్చాడు. కాలు తిమ్మిరెక్కినట్టుంది, అటూ ఇటూ కదిలాడు. తాంబూలం పళ్ళెం అల్లంత దూరంలో కనిపిస్తోంది. పోనీలే పాపమని నాకు అనిపించలేదు. మర్యాద కావాలన్నాడు కదా, కడుపారా ఇచ్చాను. చివరికి ఆయన ముఖం వేడుకోలుగా మారాక ఆకు మడిచాను.

అందరూ లేచారు. "మామ మర్యాద నిలబెట్టినాడప్పా" అని నలుగురు నా చేయి పట్టుకున్నారు. పత్రికల ముందు పుట్టిన అనుమానం పాయసంలో కరిగిపోయింది. నా ఆకు నిండా ఉన్న అన్నం, ఒప్పుట్లు, కూరలు అన్నీ మడతలో పోయి కుప్పతొట్టిలో పడ్డాయి. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. చాలని మడిస్తే అవమానం, ముట్టకుండా పారేస్తే మర్యాద. ఇది మా వాళ్ళ తెలివి.

మధ్యాహ్నం జారిపోయాక నాకు ఆకలి వేసింది. నా కడుపుకు కాస్త కాస్త తడవ తడవకూ కావాలి. జేబులోంచి వెండిగిన్నె తీసుకుని భోజనాల హాలుకు వెళ్ళాను. వంటవాళ్ళు అండాలు బోర్లిస్తున్నారు. ఇంటి ఆడవాళ్ళు అప్పుడే కూర్చుంటున్నారు, పొద్దుటి నుంచి నిలబడ్డవాళ్ళు. చివర్లో అక్క. నేను పోయి వరుసలో మొదటి చోట కూర్చున్నాను. "అయ్యో మామా, ఈడ కూర్చునేది ఏమి, పైన ఏసీ రూములో పెట్టిస్తామే" అని ఒకామె కంగారు పడింది. ఇక్కడే అన్నాను. నా ముందు ఒక ఆకు పరిచారు. మిగిలిందే వడ్డించారు. వడలు లేవు, ఒప్పుట్లు లేవు, పాయసం అడుగంటింది. నేను కాస్త పప్పు గిన్నెలో వేయించుకుని, ఒక చెంచా నోట్లో పెట్టి, నమలడం మొదలుపెట్టాను.

అప్పుడు అక్కను చూశాను.

ఒక కాలు మడిచి, ఒక కాలు నిలబెట్టి కూర్చుంది, ఏ క్షణమైనా లేవడానికి. ఆకులో గరిటెడు అన్నం, దాని మీద రసం. చూడకుండానే కలిపింది. కళ్ళు హాలు తలుపు మీద ఉన్నాయి. మూడు నాలుగు ముద్దలు గబగబా నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ఆకు అంచు పట్టుకుని నా చెయ్యి ఎప్పుడు ఆకు మడుస్తుందా అని చూసింది. నా గిన్నెలో ఉన్నదీ ఆమె ఆకులో పడినదీ ఇంచుమించు ఒకటే. నన్ను ఇంతవాణ్ణి చేసిన మనిషి అన్నం తింటుంటే నేను చూడటం అదే మొదలు. నేను తినేటప్పుడు ఆమె ఎప్పుడూ నిలబడే ఉంది.

"అంతేనా అక్కా?"

"నాకు ఎప్పుడూ అంతే కదరా. ఆకలి చచ్చిపోయి ఏండ్లాయె."

నా కడుపు కోయడానికి పెద్ద ఆసుపత్రి, మత్తుమందు, నలుగురు డాక్టర్లు కావలసి వచ్చారు. ఈమెది ఎవరూ కోయలేదు. మా బంతులు, మా మర్యాదలు, "ఇంకొంచం వెయ్యి" అని చాపిన నాలాంటి చేతులు కలిసి, చడీ చప్పుడూ లేకుండా ఇంతకు తెచ్చాయి. ఎవరూ వచ్చి ఈమెకు సలహాలు చెప్పలేదు. ముఖంలో కళ పోయిందని ఎవరూ జాలిపడలేదు.

తలుపు దగ్గర బావ తమ్ముడు ప్రత్యక్షమయ్యాడు. పళ్ళు కుట్టుకుంటున్నాడు. "వదినా! తాంబూలం తట్టు యాడ పెట్టినారు? సమ్మంధులు బయలుదేరుతుండారు. రండి, రండి!"

అక్క ఎడమచెయ్యి నేల మీద ఆనించి లేవబోయింది.

"కూర్చో అక్కా" అన్నాను, హాలంతా వినపడేటట్టు. "నా ఆకు ఇంకా మడవలేదు."

బావ తమ్ముడు నోరు తెరిచి, నా ముందున్న ఆకును చూసి, మూసుకున్నాడు. మర్యాద తెలిసినవాడు కదా. తాంబూలం పళ్ళెం తానే వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె కాళ్ళు చాపుకుని కూర్చుంది.

నేను మరో చెంచా పప్పు నోట్లో పెట్టుకున్నాను. నమలడం నాకు బాగా అలవాటైంది, తొందరేమీ లేదు. అక్క నా వెండిగిన్నెను చూసింది, నన్ను చూసింది. నిలబెట్టిన కాలు కూడా మడుచుకుంది. ఆకును దగ్గరికి లాక్కుని, అండా పక్కన నిలబడ్డ వంటాయనతో మెల్లగా అంది.

"ఇంకొంచం సోరు వెయ్యప్పా."

మా అక్క మారు అన్నం అడగడం నేను వినడం అదే మొదటిసారి.